సంతకు మోసుకెళ్లిన ఏటి నీళ్లు

పప్పు వండి ఊరు కట్టారంటే ఎవరూ నమ్మరు. వండినదాన్ని నేనే కాబట్టి చెబుతున్నాను. నమ్మకపోతే మీ ఖర్మ.

ఇప్పుడు మా ఊళ్లో మిల్లులున్నాయి, బజార్లున్నాయి, బస్సులాగే చోట మా మామగారి బొమ్మ ఉంది. ఏటా ఒకరోజు ఆ బొమ్మకు దండ వేసి, ఆయన ఈ ఊరిని ఎలా నిలబెట్టాడో మైకులో చెబుతారు. మొన్న నన్నూ పిలిచి కుర్చీ వేశారు. "పెద్దమ్మా, మీ మామగారి గురించి రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. గొంతు బాగాలేదని చెప్పి లేచి వచ్చేశాను. గొంతుకేం, నిక్షేపంలా ఉంది. నేను చెప్పే ముక్కలు దండల మధ్య చెప్పేవి కావు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి మాది మద్రాసు ప్రెసిడెన్సీ, కర్నూలు జిల్లా. గుండ్లకమ్మ ఒడ్డున చిన్న పల్లె. ఒక ఇంట్లో తిరగమోత వేస్తే ఊరంతా తుమ్మేది. ఊరికి ఉన్న గొప్పల్లా ఆ ఏరూ, కూతవేటు దూరంలో ఉన్న రైలు స్టేషనూ. రైలు వచ్చి ఆగేది, ఎక్కేవాళ్లు లేక, దిగేవాళ్లు లేక కాసేపు ఆయాసపడి వెళ్లిపోయేది. మార్కాపురానికి పలకలున్నాయి, గిద్దలూరుకు అడవి కలపా కచేరీలూ ఉన్నాయి, కురిచేడుకు ధాన్యం వర్తకం ఉంది. మాకేముంది? ఏటి గట్టున తుమ్మచెట్లు, వాటి కింద మేకలు. ఆదాయం లేని స్టేషన్లను ఎత్తేస్తారని ఆ రోజుల్లో ఒక పుకారు పుట్టింది. అది విన్న పూట మా మామగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు.

ఆయన్ని చెడ్డవాడని తిట్టడానికి నేను కూర్చోలేదు. చిన్నతనంలో కరువొచ్చి ఊరు ఖాళీ అవడం కళ్లారా చూసిన మనిషి ఆయన. జనం తలుపులకు గొళ్లెం కూడా పెట్టకుండా వెళ్లిపోయారట. మళ్లీ అలాంటి రోజు రాకూడదని ఆయనకు ఒకటే యావ. "ఊరన్నాక మనుషులుండాల. మనుషులుంటే అన్నీ అయ్యే వస్తాయి" అనేవారు. కండువా భుజాన వేసుకుని రైలెక్కి, ఇటు నంద్యాల దాకా, అటు గుంటూరు దాకా పోయి, కనిపించిన వర్తకుడినల్లా మా ఊరు చూడమని పిలుచుకొచ్చేవారు. వచ్చినవాళ్లకు వండి వార్చేది మా అత్త, నేను. మా ఆయన బండి తోలేవాడు, తండ్రి గీసిన గీత దాటేవాడు కాదు.

అలా వచ్చినవాళ్లలో ఒక తోళ్ల వర్తకుడున్నాడు, మద్రాసు వైపు మనిషి. ఏరు చూశాడు, కొండల వైపు తంగేడు పొదలు చూశాడు, రైలు పట్టాలు చూశాడు. తోళ్లు పదును చేయడానికి నీళ్లు కావాలి, తంగేడు చెక్క కావాలి. రెండూ మా దగ్గర దండిగా ఉన్నాయి. "కార్ఖానా పెడతాను. కానీ పనిచేసే చేతులేవీ?" అన్నాడు. మా ఊరి రైతులు పచ్చితోలు ముట్టరు, వాళ్ల పొలాల్లో కూలికి పోయేవాళ్లను వదలరు. మామగారు ఆ రాత్రి పడుకున్నారో లేదో తెలియదు గానీ, తెల్లారేసరికి ఆయన ముఖంలో ఒక ఉపాయం కనిపించింది.

వెలిగండ్ల వైపు మెట్ట ఊళ్లున్నాయి. అది అప్పట్లో నెల్లూరు జిల్లా. అక్కడ బావులున్నాయి, బావుల్లో నీళ్లూ ఉన్నాయి, కానీ అవేం నీళ్లు తల్లీ! పిల్లల పళ్లు గార పట్టి ఉండేవి. కాళ్లు మోకాళ్ల దగ్గర వంకర తిరిగేవి. నడివయసు మగవాళ్లు మెడ తిప్పలేక, పక్కకు చూడాలంటే మనిషి మనిషంతా తిరిగేవాళ్లు. తర్వాతెప్పుడో డాక్టర్లు దానికి ఒక పేరు పెట్టారు. అప్పట్లో మాకు తెలిసింది అది నీటి జబ్బు అని మాత్రమే. ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు. మామగారు ఏదో పని మీద అటు పోయి, ఒక ఇంట్లో భోజనానికి కూర్చుంటే పప్పు పళ్ల కింద రాళ్లలాగా తగిలిందట. ఆ సంగతి గుర్తొచ్చి ఆయన తొడ చరిచారు.

"అమ్మాయ్, సంతకు పోదాం పా. పప్పు వండాల నువ్వు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. సంతలో పప్పు వండటం ఏంది అని మా అత్త నోరు నొక్కుకుంది. అయినా ఆయన మాటంటే మాటే. పెద్ద పెద్ద కాగుల నిండా ఏటి నీళ్లు పట్టి, మూతులకు తడి గోనె కట్టి, బండికెత్తించారు. కందిపప్పు మూట, కట్టెలు, నేను ఒక బండిలో. దారంతా కాగులు కుదుపుకు ఒలుకుతుంటే మామగారు బండి దిగి, చంటిపిల్లలను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నడిచేవారు.

సంతలో రెండు పొయ్యిలు పక్కపక్కనే పెట్టించారు. ఒక కుండలో ఆ ఊరి బావి నీళ్లు, ఇంకో కుండలో మా ఏటి నీళ్లు. రెండింటిలోనూ ఒకే గిద్దెతో పప్పు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఇంతలోకే మా కుండలో పప్పు పొంగి, విచ్చుకుని, పప్పుగుత్తి ఆనించగానే వెన్నలాగా అయింది. పక్క కుండలో గింజకు గింజ అలాగే ఉంది, ఎంత మంట పెట్టినా దాని మొండితనం దానిదే. "అబ్బో, సూడమ్మే సూడు!" అని ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. ఉప్పూ కారం వేసి, మోదుగాకుల్లో తలా కాస్త పెట్టాను. తిని వేళ్లు నాకినవాళ్లున్నారు. ఒక ముసలామె, జీవితంలో ఇంత మెత్తని పప్పు తినలేదని కళ్లు తుడుచుకుంది. నాకు గర్వంగానే ఉండింది, లేదని ఎందుకనాలి?

మామగారు కాగు దగ్గర నిలబడి కేకలు పెట్టారు. "రాండి నాయనా, రాండి తల్లీ! గుండ్లకమ్మ నీళ్లు! తాగి సూడండి. మా ఊరొస్తే దినమూ ఇయ్యే నీళ్లు. పనుంది, జాగా ఉంది, రైలుంది!" ఎవరొచ్చి దోసిలి పట్టినా పోశారు. నువ్వెవరు, ఏ పేట మనిషివి అని అడగలేదు.

జనం పలచబడ్డాక ఒక ఆడమనిషి వచ్చి కాస్త దూరంలో నిలబడింది. పాతికేళ్లుంటాయేమో. చంకలో ఇంకా నిలబడటం రాని ఆడపిల్ల, చెయ్యి పట్టుకుని ఇంకో ఆడపిల్ల. నా కళ్లు ఆ పెద్దపిల్ల కాళ్ల మీద పడ్డాయి. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటుంటే, బాతులాగా పక్కకు ఊగుతూ నడుస్తోంది. ఆమె నా వైపు చూడలేదు, మామగారిని అడిగింది.

"అయ్యా, మేము ఏసును నమ్మినోళ్లం. కూలికి పోయేటోళ్లం. మాకు గూడా ఇయ్యే నీళ్లేనా?"

"ఏటికి కులమేంది తల్లీ? ఏరు అందరిదీ. నువ్వెన్ని తోడుకుంటే అన్ని" అన్నారు మామగారు.

ఆయన ముఖం నేను చూశాను. అబద్ధం చెప్పేవాడి ముఖం కాదు అది. అన్నప్పుడు నిజంగానే అన్నారు.

ఆమె చంటిదాని రెండు కాళ్లూ చీరకొంగులోంచి బయటికి తీసి మాకు చూపించింది. లేత కాళ్లు, ఇంకా ఏ వంకరా రానివి. "పెద్దదానికి ఎట్ల అయిందో అయింది అయ్యా. దీనికి కాకుండా ఉంటే సాలు. దీని కాళ్లు తిన్నగా నిలబడితే, నేను ఏ పనైనా చేస్తా. తోళ్లేంది, ఇంకేమైనా సరే" అంది. నేను ఆ పెద్దపిల్లకు ఒక ఆకులో పప్పు పెట్టిచ్చాను. తల్లి దోసిలితో నీళ్లు పట్టి, ముందు చంటిదానికి తాగించి, తర్వాత పెద్దదానికి తాగించి, చివర్లో తడిచేతులు తన ముఖానికి రాసుకుంది.

ఇది ఒక మాట. ఇంకో మాట మా ఇంటి అరుగు మీద పడింది. గిద్దలూరు వైపు నుంచి ఒక శెట్టిగారు కుటుంబంతో వచ్చి దుకాణం పెడతానన్నాడు. వాళ్లు మా చేతి వంట తినరు గనక స్వయంపాకానికి అన్నీ అమర్చి ఇచ్చాం. భోజనమయ్యాక ఆయన అడిగాడు: "అన్నీ బాగున్నాయి పెద్దయ్యా. కార్ఖానాకు వచ్చే జనమంతా ఒకే ఏట్లో పడితే మా ఆడవాళ్ల మడీ ఆచారం ఏం గావాల?" మామగారు చెయ్యి చాపి మాటిచ్చారు. "మీరు ఏటి ఇసుకలో తవ్వుకునే చెలమ జోలికి ఎవురూ రారు. అది నా పూచీ." నేను మజ్జిగ చెంబు పట్టుకుని గడపలో ఉన్నాను. సంతలో మాటా, అరుగు మీద మాటా నా ఈ రెండు చెవులతోనే విన్నాను.

జనం వచ్చారు. మామగారి ముఖం వెలిగిపోయింది. స్టేషనుకు దగ్గరగా, ఏటికి ఎగువన, శెట్టిగారికీ ఆయన వెనక వచ్చిన మరికొందరికీ జాగాలు కొలిచి ఇచ్చారు. తోళ్ల కంపు ఊరి మీదికి రాకూడదని గాలివాటు చూసి, కార్ఖానాను దిగువన పెట్టించారు. పనివాళ్లకు గుడిసెలు దాని కింద, ఇంకా దిగువన. గాలి ఎటు నుంచి ఎటు పోతుందో నలుగురు పెద్దమనుషులు తలలెత్తి చూశారు. నీళ్లు ఎటు పోతాయో చూసేందుకు ఎవరూ తల దించలేదు. అందులో ఒకరికీ వింత అనిపించలేదు, ఎందుకంటే మా వైపు ఏ ఊరైనా అలాగే ఉంటుంది. రైతులు ఎగువన, పనివాళ్లు దిగువన. కొత్త ఊరు కడుతూ కూడా పాత ఊరి లెక్కలోనే కట్టారు.

సంతలో కనిపించిన ఆమె, ఆమె పెనిమిటి, ఇద్దరు పిల్లలూ ఆ గుడిసెల్లో ఒకదానిలో దిగారు. అతను సున్నపు తొట్లలో నానిన తోళ్లు తీసి బొచ్చు గీకేవాడు. ఆమె తంగేడు చెక్క దంచేది. వానలకు ఏరు ఒడ్డు నుంచి ఒడ్డుకు పారుతోంది. పారే నీళ్లలో కార్ఖానా మురికి ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు. గుడిసెల్లో కూడా పప్పు మెత్తగా ఉడుకుతోంది.

చలికాలంలో ఒకరోజు ఏటి దగ్గర నేను బిందె తోముతుంటే, ఆమె చంటిదాన్ని ఇసుకలో దించి, దూరంగా జరిగి, చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల లేచి నిలబడింది. ఊగింది, పడలేదు. ఒక అడుగు, ఇంకో అడుగు వేసి తల్లి మీద వాలింది. "సూడు తల్లీ, కాళ్లు సూడు! కొలబద్ద పెట్టినట్టున్నాయి" అని ఆమె అరిచింది, నవ్వింది, అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చింది. పెద్దపిల్ల వంకర కాళ్లతో ఊగుతూ వచ్చి చెల్లెలి పిక్కలు నిమిరి చూసింది. ఆ రోజు ఇంటికి పోయి మామగారికి చెప్పాను. ఆయన తల పంకించి, "అందుకే గదా నేను చెప్పింది" అన్నారు. ఆయన కళ్లలో తడి కూడా చూశాను.

తర్వాత ఎండలొచ్చాయి. గుండ్లకమ్మ సంగతి మా వైపు వాళ్లందరికీ తెలిసిందే, ఎండాకాలంలో పైన పారదు, ఇసుక కింద పారుతుంది. ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుంటాం. ఆ గుంటనే చెలమ అంటాం. ఎవరు ఎక్కడ చెలమ తవ్వుకోవాలో ఊరి పెద్దలే చెబుతారు, మరొకరి జాగాలో తవ్వడానికి లేదు. మా చెలమలు ఎగువన, శెట్టి వాళ్లది మా పక్కన. దిగువన గుడిసెల వాళ్లు తవ్విన చెలమలో నీళ్లు మొదట పసుపురంగు తిరిగాయి, తర్వాత తంగేడు కషాయంలాగా ఎర్రబడ్డాయి. గుక్క నోట్లో పోసుకుంటే సున్నం, తోలు.

ఆమె కడవ పట్టుకుని మా చెలమ దగ్గరికి వచ్చి దూరంగా నిలబడింది. కడవ ఇసుక మీద పెట్టి, వెనక్కి జరిగింది. నేను నా చిప్పతో పైనుంచి పోసి నింపాను. మర్నాడూ వచ్చింది, ఆ తర్వాత రోజూ. ఒకనాడు నోరు జారి "నిండింది, ఎత్తుకో అక్కా" అన్నాను. వెనక మా అత్త ఉంది. "అక్కేంది అక్క? నీకు పిచ్చిగాని పట్టిందా?" అని అక్కడికక్కడే నన్ను దులిపేసింది. తిడితే తిట్టింది, నేను నీళ్లు పోయడం మానలేదు.

మానిపించింది శెట్టిగారి భార్య. ఆమె చెలమ మాదానికి ఎంతో దూరం లేదు. అలా రోజూ ఎవరో వచ్చి నిలబడుతుంటే తమ మడి ఏం గానని ఇంట్లో కూర్చుని ఏడ్చిందట. శెట్టిగారు మా అరుగెక్కాడు. కేకలేం వేయలేదు, మెల్లగానే అన్నాడు. "మీరు మాటిచ్చినారు పెద్దయ్యా. ఇట్లయితే మేము గిద్దలూరు పోతాము. మా వెనక వచ్చినోళ్లూ పోతారు."

ఆయన వెళ్లాక నేను గడప దాటి బయటికొచ్చాను. కోడలు అరుగు మీదికి రావడం మా ఇంట్లో లేదు. వచ్చాను, ఏం చేస్తారు?

"మామా, సంతలో ఏమన్నావు? ఏరు అందరిదీ అనలేదా?"

"అన్నాను. కాదంటున్నానా?" ఆయన నా ముఖం చూడలేదు. "వాళ్లకు కార్ఖానాకు పైన ఒక చెలమ తవ్విస్తా. మన మనుషుల్ని పంపిస్తా. నాలుగు దినాలు ఓర్చుకోమను."

"నాలుగు దినాలు ఆ నీళ్లు నువ్వు తాగుతావా?"

"నోరు మూసుకుని లోపలికి పో" అన్నారు. పెళ్లయి వచ్చాక ఆయన నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

ఆ రోజు నుంచి నీళ్లకు మా అత్త పోయింది, నన్ను పోనివ్వలేదు. చెలమ తవ్వడానికి మనుషులు ఇవాళ పోతారు, రేపు పోతారు. ఒకనాడు కళ్లంలో పని, ఒకనాడు బండి ఇరుసు విరిగింది. నేను రోజూ అడిగాను. మా ఆయన్ను అడిగితే "నాయన చూసుకుంటాడులే" అన్నాడు. నాకు ఒళ్లు మండేది. పారలున్నాయి, చేతులున్నాయి, ఇసుక తవ్వడానికి ఇంత పంచాయితీ ఏంది?

అప్పుడే గుంటూరు వైపు నుంచి ఒక పెద్ద వర్తకుడు వస్తున్నాడని కబురొచ్చింది. వేరుశనగ నూనె మిల్లు పెట్టేందుకు జాగా చూసుకుంటున్నాడు. మిల్లు వస్తే స్టేషను ఎత్తేసే మాట ఇక ఉండదు. ఊళ్లో అందరికీ పూనకం వచ్చినట్టయింది. ఏటి ఒడ్డున పందిరి వేశారు, గట్టు మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచారు. చెలమ తవ్వాల్సిన మనుషులే పందిరి గుంజలు పాతారు. వర్తకుడి కళ్ల ముందే ఏటి నీళ్లతో పప్పు వండి పెట్టాలని మామగారు ఆజ్ఞ వేశారు. వండేది నేనే.

వర్తకుడు వచ్చే రోజు తెల్లవారుతూనే, గుడిసెల్లోని ఆమె పెనిమిటి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. తల గుడ్డ చేతిలో నలుపుతున్నాడు. గుడిసెల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని అప్పుడే తెలిసింది మాకు. అంతకుముందు రోజు చంటిది చిక్కిపోయి, నాలుక పిడచగట్టి, తెల్లారేలోపే పోయింది.

"పూడ్చిపెట్టేదానికి పోవాలంటే పందిరి ముందర నుంచే దావ అయ్యా. పోవచ్చునా?" అని అడిగాడు.

మామగారు అరుగు దిగబోయి ఆగారు. స్తంభం పట్టుకుని నిలబడ్డారు. తర్వాత మెల్లగా అన్నారు: "సాయంత్రం రైలుబండికి ఆయన పోతాడు. అంతదాకా ఓపిక పట్టు నాయనా. కీర్తనలు గట్టిగా పాడొద్దు."

"అట్లనే అయ్యా" అన్నాడు అతను. కోపం కూడా లేదు ఆ గొంతులో.

నేను గడప లోపల గోడకు ఆనుకుని ఉన్నాను. మండుటెండల్లో, పసిబిడ్డ శవాన్ని పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటున్నారు. ఎందుకు? ఎవడో నూనె గానుగవాడు మొహం చిట్లిస్తాడని. మనుషులేనా వీళ్లు అనుకున్నాను. మా అత్త బిందె తెచ్చి నా చేతిలో పెట్టి, "పందిట్లోకి నీళ్లు పట్టుకో పో, పొయ్యి రాజేయాల" అంది. పందిరి హడావిడిలో తనే పెట్టిన కట్టడి తనే మరచిపోయింది.

మా చెలమ దాటాను, శెట్టి వాళ్ల చెలమ దాటాను, కార్ఖానా దాటాను. గుడిసె నీడలో ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ, మీద తడిపిన గుడ్డ. ఎండకు గుడ్డ ఆరిపోతుంటే, పక్కన కడవలోని ఆ ఎర్ర నీళ్లతోనే మళ్లీ తడుపుతోంది. పెద్దపిల్ల వేపరొట్టతో ఈగలు తోలుతోంది. గుడ్డ కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి, తిన్నగా. నన్ను చూసినా ఆమె ఆ తడపడం ఆపలేదు. వాళ్ల చెలమలో బిందె ముంచి, నింపుకుని వచ్చాను.

ఆ నీళ్లే ఎసరు పెట్టాను. ఆ నీళ్లలోనే పప్పు పోశాను. వర్తకుడు గొడుగు నీడన వచ్చి కూర్చున్నాడు, మామగారు పక్కన నిలబడి ఏటి గొప్ప చెబుతున్నారు. కుండ కాగేకొద్దీ పందిరంతా పచ్చితోలు కంపు లేచింది. నురుగు మట్టిరంగులో పొంగింది. వర్తకుడు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. మామగారు కుండలోకి వంగి చూసి, నా వైపు తిరిగారు.

"ఏ నీళ్లివి?"

"ఏటి నీళ్లే మామా. సంతలో చెప్పిన నీళ్లే" అన్నాను. అందరికీ వినిపించేలాగే అన్నాను. "కార్ఖానా కింద నుంచి తెచ్చినాను. ఇయ్యి తాగి ఒక బిడ్డ సచ్చిపోయింది. దాన్ని పూడ్చిపెట్టనియ్యకుండా ఆడ కూర్చోబెట్టినారు."

ఇక ఊరు తలకిందులవుతుందని అనుకున్నాను. నా వయసు అలాంటిది. ఏమీ కాలేదు. మామగారు నవ్వు తెచ్చుకుని, "కోడలుపిల్ల, ఎండకు తల తిరిగినట్టుంది" అన్నారు. మా ఆయన నా రెక్క పట్టుకుని పందిట్లోంచి లాక్కుపోయాడు. మా అత్త ఎగువ చెలమ నుంచి నీళ్లు తెచ్చి ఇంకో కుండ ఎక్కించింది. ఆ పప్పు వెన్నలాగా ఉడికిందట. వర్తకుడు నెయ్యి వేయించుకుని తిని, "నిజమే పెద్దయ్యా, గొప్ప నీళ్లు. అయితే మా మిల్లు మాత్రం ఎగువనే ఉండాల" అన్నాడట. సాయంత్రం బండికి వెళ్లాడు. బండి పొగ కనుమరుగయ్యాక గుడిసెల వాళ్లు బిడ్డను తీసుకుపోయారు. కీర్తన పాడలేదు. నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేశారు గనక నేను కిటికీలోంచే విన్నాను, అడుగుల చప్పుడు తప్ప ఏం వినపడలేదు.

"ఊరి నోట్లో మట్టి కొట్టబోయినావు" అన్నారు మామగారు ఆ తర్వాత. పాపం, ఆయన కూడా ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే తనే పార పట్టుకుని, ఇద్దరు మనుషులతో పోయి, కార్ఖానాకు ఎగువన గుడిసెల వాళ్లకు చెలమ తవ్వించారు. నీళ్లు తేటగా ఊరాయి. పొద్దు నడినెత్తికి రాకముందే ముగ్గురూ ఇంటికొచ్చి చద్దన్నం తిన్నారు. అంత పని అది. చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె, పెనిమిటి ఊరొదిలి వెళ్లిపోతున్నారని తెలిసి, ఎవరు ఆపినా ఆగకుండా, ఆ కొత్త చెలమలో బిందె నింపుకుని దారి మీదికి పోయాను. అతను ముందు మూట నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాడు. వెనక ఆమె, పెద్దపిల్ల. చంక ఖాళీగా ఉంది, అయినా ఆ చెయ్యి అలవాటుగా కొంచెం ఎడంగా పెట్టి నడుస్తోంది.

"యాడికి పోతావక్కా? మళ్లా ఆ నీళ్లకేనా? ఇప్పుడు మంచి చెలమ తవ్వినారు, సూడు" అన్నాను.

ఆమె ఆగింది. "మంచిగనే ఉంటాయి తల్లీ, నేను కాదన్లా. ఆడి నీళ్లు కాళ్లు వంచుతాయి. పానం తియ్యవు."

పెద్దపిల్ల బిందె వైపు చూస్తోంది. దారి పొడుగునా ఎండ. "తాగు నాయనా" అని బిందె వంచాను. ఆ పిల్ల దోసిలి పట్టింది, సంతలో పట్టినట్టే. నీళ్లు ఇంకా ఆ చేతుల్లో పడకముందే తల్లి వంగి, ఆ రెండు చేతులూ మెల్లగా కిందికి దించింది.

"వద్దులే తల్లీ" అంది నాతో. "అలవాటు పడితే, ఊరికి పోయినాక ఆ నీళ్లు తాగదు."